ఎర్రబడని పళ్ళెం

నా పదవీ విరమణ సభకు అధ్యక్షత వహించిన డైరెక్టర్ గారికి, నన్ను నేనే గుర్తుపట్టలేనంతగా పొగిడిన పెద్దలకు, టీ వాసన తగిలినా ఇంకా కుర్చీల్లోనే ఉన్న మిత్రులకు నమస్కారం. (నవ్వులు) ముందు వరుసలో చేతికర్రతో కూర్చున్న మా అక్కకు కూడా.

ముప్పైరెండేళ్లుగా ఈ ల్యాబులో మూలకణాలకు వేళకు మేత వేశాను. మేత మాస్టారని మీరు నా వెనకాల పిలుచుకునే పేరు నాకు ఎప్పుడో తెలుసు. (నవ్వులు) కన్నపిల్లలకు కూడా ఇంత వేళకు పెట్టలేదని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది, నిజమే. మజ్జలోంచి తీసిన ఆ కణాలు ఎముక కట్టడం మొదలుపెడితే, మేం పోసే రంగుకు అవి పెరిగే చిన్న పళ్ళెం ఎర్రగా పండుతుంది. కట్టకపోతే తెల్లగా ఉండిపోతుంది. ఎముక విరిగిన కొత్తలో వచ్చే వాపు మంచిదే, కణాలను పనిలోకి పిలిచేది అదే. ఏళ్ల తరబడి తగ్గని వాపులో పడితే మాత్రం అవే కణాలు చేతులెత్తేస్తాయి. వాటిని మళ్ళీ పనిలో పెట్టే ఉపాయం కనిపెడతాననుకున్నాను. డైరెక్టర్ గారూ, ఇందాక మీరు ‘దారి చూపారు’ అన్నారు. క్షమించండి సార్, నేను ఏ దారీ చూపలేదు.

మా అక్కకు చాలా ఏళ్లుగా కీళ్ళవాపు. ఆరేళ్ల కిందట మోకాలి కింద ఎముక విరిగింది, అతకలేదు. మొదటి ఆపరేషన్ రోజున అక్క ఒప్పుకుంటేనే డాక్టరు గారు కాస్త మజ్జ నాకిచ్చారు. నెల తిరక్కుండానే అక్క ఫోన్.

“ఏరా, నా పళ్ళెం ఎర్రబడిందా?”

“ఎర్రబడిందక్కా.”

“అయితే ఫొటో పంపు.”

పోల్చి చూడడానికి పక్కనే నా మజ్జతో పెట్టిన పళ్ళెం ఉంది, దానిమ్మ గింజల్లా ఎర్రగా. దాన్నే ఫొటో తీసి పంపాను.

తుంటి ఎముక ముక్క తీసి అక్కడ పెడతామని డాక్టరు ఎన్నిసార్లు చెప్పినా, “నా కణాలు పనిచేస్తున్నాయండీ, మా తమ్ముడు కళ్ళారా చూశాడు” అని వాయిదా వేసింది. ఎముక చివరలు అరిగిపోయాయి, ఇక ఆపరేషన్ వల్ల లాభం లేదని పోయిన నెల డాక్టరు బావతో అన్నారట. అక్క మాత్రం నిన్న కూడా “ఇంకొన్నాళ్లు చూద్దాంలేరా” అంది. అక్క కణాలు కొన్ని గడ్డకట్టించి సీసాల్లో దాచాను. అవి ఒక్కసారి ఎర్రబడినా నా అబద్ధం నిజమైపోతుందని పదకొండుసార్లు పెంచాను. చివరి సీసా పోయిన గురువారం అయిపోయింది. అదీ తెల్లగానే ఉంది. రేపటి నుంచి నా దగ్గర ల్యాబు తాళం కూడా ఉండదు.

బల్ల మీద రంగు కాగితం చుట్టిన ఆ జ్ఞాపిక, పొద్దున అక్క ఇచ్చిందే. కాగితం చిరిగిన చోట చట్రం కనిపిస్తోంది. నేను పంపాక ఆరేళ్లుగా వాళ్ళింటి గోడ మీదున్న పళ్ళెం ఫొటో అది. కార్యదర్శి గారూ, దయచేసి విప్పకండి. అక్కా, ఆ ఎరుపు నీది కాదు, నాది. నీ పళ్ళెం మొదట్నుంచీ తెల్లగానే ఉంది. భయపడి అబద్ధమాడాను, నీ కాలు పోగొట్టాను.

(ముందు వరుసలో కర్ర కిందపడిన చప్పుడు)

ఎవరూ లేవకండి, కర్ర నేనొచ్చి తీస్తాను. ఇంత ఓపికగా విన్నందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. నువ్వు లేవకక్కా, ఆ కాలి మీద బరువు పెట్టకు. వస్తున్నాను. సెలవు.