పడవ చెక్కల బల్ల

అది బల్ల కాదంట వదినా, పాడె అంట. నీ కూతురు అన్న మాట అది, నా సొంతం కాదు. పాడె మీద అన్నం తినిపించావు నా చేత, నా బిడ్డ చేత, అని మొగుణ్ణి నిలదీసింది. నా కొడుకు తల దించుకుని నిలబడ్డాడు.

నీళ్ళు తర్వాత తాగుతాలే. ముందు కూర్చో. రొయ్యలు ఏరుకుంటూనే విను, నేను వద్దనను. పొద్దున బందర్లో బస్సెక్కాను. అవనిగడ్డలో ఒకటి మారి, నాగాయలంకలో ఆటో ఎక్కి, పంటు మీద ఏరు దాటి మీ లంకకి ఇప్పటికి తేలాను. ఎందుకొచ్చానో నీకు తెలుసు. తెలియనట్టు చూడకు.

నీ కూతురు వీరదుర్గ గుడివాడలో ఉంది, వాళ్ళ మేనత్త ప్రసన్నలక్ష్మి ఇంట్లో. పిల్లని కూడా తీసుకుపోయింది. ఇదంతా నీకు ఫోనులో చెప్పే ఉంటుంది. ఈ ఆదివారం పెద్దమనుషుల్లో పెడతానంటోంది. ఏమని పెడుద్ది? ఉన్నాడో లేడో తెలియని మా నాన్న పడవని నా మొగుడు దొంగతనంగా పట్టుకుపోయి ముక్కలు కోశాడు, ఇలాంటోడితో నేను కాపురం చెయ్యను అని. సముద్రం మీద బతికే మన కులంలో, వేట నుంచి తిరిగిరానివాడి పడవ ఎత్తుకుపోయాడన్న మాట పడితే, మా కొండలు ఇంక ఎవరి గుమ్మం తొక్కుతాడు చెప్పు?

వాడి సంగతి నీకు తెలియనిదేముంది. వాళ్ళ నాన్న వల లాగాడు, నేను గంప మోశాను, వాడొక్కడు ఆఫీసులో కుర్చీ మీద కూర్చున్నాడు. కూర్చున్నవాడు కూర్చోక ఈ చెక్కపని పిచ్చి ఎక్కడ అంటించుకున్నాడో మరి. ఎవరో తెల్లోళ్ళు బల్లలు చేస్తుంటే అన్నం తింటూ ఫోనులో చూసేవాడు. తర్వాత పెరట్లో రేకుల షెడ్డు వేశాడు. రంపం మిషను వచ్చింది. దాని వెనకాల చిత్రిక మిషను, డ్రిల్లు. శనివారం సాయంత్రం అందులో దూరితే ఆదివారం పొద్దు కుంకేదాకా ఒకటే గీమని మోత. పక్కింటోళ్ళు గోడ మీంచి చూసేవాళ్ళు, ఏ మర పెట్టారో అని.

నిజం చెబుతున్నాను, నాకు మాత్రం అది ముచ్చటగానే ఉండేది. అంత మోటు చెక్కలోంచి ఎంత పల్చటి చుట్టలు లేస్తాయి వదినా! ఉల్లిపొరల్లాగా. మా లాస్య వాటిని చెవులకి తగిలించుకుని, నానమ్మా, చిలకలపూడి జుంకాలు చూడు అనేది.

నీ కూతురికి ఏం ముచ్చట? వారమంతా బళ్ళో పిల్లలతో అరిచి అరిచి, ఆ ఒక్కరోజు మొగుడు పక్కన కూర్చుంటాడేమోనని చూసేది. వాడేమో తల నిండా పొట్టుతో అన్నానికొచ్చి, తిని, మళ్ళీ లోపలికి. ఉతికి ఆరేసిన బట్టల మీద పొట్టు. పిల్లకి దగ్గు. బీచికి తీసుకెళ్ళమంటే వచ్చే ఆదివారం. పుట్టింటికి తీసుకెళ్ళమంటే జిగురు ఆరాలి. "మీ అబ్బాయికి మళ్ళీ పెళ్ళి చేద్దాం అత్తా, ఈసారి టేకు పిల్లని చూడండి" అనేది నాతో.

మొదట చేసిన స్టూలు చూడాల్సింది నువ్వు. కూర్చుంటే అలల మీద కూర్చున్నట్టే. నీ కూతురు దాని కాలి కింద అట్టముక్క మడిచి పెట్టి, ఇదుగో నా మొగుడి ఎండాకాలం మొత్తం అంది. వాడూ నవ్వాడు, నేనూ నవ్వాను. అప్పటికింకా నవ్వుకునేవాళ్ళం.

చివరికి విసిగి తనే అంది. ఎలాగూ ఆదివారాలన్నీ తినేస్తున్నావు, కనీసం నలుగురం కూర్చుని తినడానికో బల్ల చెయ్యి, ఈ పిల్ల మంచం మీద పళ్ళెం పెట్టుకుని టీవీకి అన్నం పెడుతోంది అని. వాడి మొహం చూడాలి. మొదటిసారి పెళ్ళాం వాడి పనిలో ఒకటి కావాలని అడిగింది. కొత్త టేకు కొనే తాహతు లేదు. పాత చెక్క కోసం గిలకలదిండి హార్బరు దాకా తిరిగొచ్చాడు. దొరకలేదు.

తర్వాత ఒక ఆదివారం మీ లంకకి వచ్చాడు. నిన్ను చూసొస్తానని చెప్పి ఒక్కడే వచ్చాడు. గుర్తుందా?

నీకు గుర్తుండకపోవడమేంటిలే.

ఆ రోజు ఇక్కడ ఏం జరిగిందో నాకు మొన్నటిదాకా తెలియదు. వారం తిరిగేసరికి చెక్కలు వచ్చాయి, తార్పాలిన్ కప్పి. నల్లగా, మేకుల చిల్లులతో. ఉప్పువాసన వేశాయి. ఎక్కడివిరా అంటే ఒక పాత పడవవి అన్నాడు, అంతే. ఆ వర్షాకాలంలోనే నువ్వు ఫోను చేసి వీరదుర్గకి చెప్పావు, పోటు ఎక్కువై నాన్న పడవ కొట్టుకుపోయిందమ్మా అని. ఆ పిల్ల ఎంత ఏడ్చింది వదినా. తుపానులో గంగన్న అన్నయ్య పోయినప్పుడు మనిషి దొరకలేదు, బోర్లాపడి తేలుతున్న పడవ దొరికింది. దాన్నే లాక్కొచ్చి నీ గుమ్మం ఎదట ఇసకలో పెట్టారు. వచ్చినప్పుడల్లా దాని ముక్కుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, మాట్లాడేది గదా ఆ పిల్ల. ఇవతల అది ఏడుస్తుంటే, అవతల షెడ్డులో మిషను మోత. నాకు రెండూ వినపడుతూనే ఉన్నాయి. రెండిటికీ ముడి పెట్టే తెలివి నాకు లేకపోయింది.

ఇంత మంచి పని వాడు ఎప్పుడూ చెయ్యలేదు. మేకుల చిల్లులు అలాగే ఉంచి లక్క నింపాడు. అరచెయ్యి వేస్తే చల్లగా, నున్నగా. ఊగలేదు. నీ కూతురు ఆ రోజు పులస కాదుగానీ మంచి పండుగప్ప తెప్పించి పులుసు పెట్టింది. నలుగురం దాని చుట్టూ కూర్చున్నాం. పిల్ల మెతుకు పారెయ్యకుండా తింది. కొండలు తినలేదు. పళ్ళెం వంక చూస్తూ కూర్చున్నాడు. అలిసిపోయాడనుకున్నాను.

ఇంక నేను చేసిన ఘనకార్యం విను.

నాకు అక్షరాలు వచ్చింది ఈ మధ్యనే గదా. లాస్య తన పలక మీద దిద్దించింది. అప్పట్నుంచి నా కళ్ళకి ఊరుకోవడం చేతకాదు. బస్సు బోర్డు చదువుతాను, ఉప్పు పొట్లం చదువుతాను, గోడ మీద ఓట్ల రాతలు చదువుతాను, అదీ పైకే. ఇన్నేళ్ళూ ఇవన్నీ నా ఎదటే ఉండి నాతో మాట్లాడలేదు గదా అని ఆశ్చర్యం. ఆ రోజు నేల మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాను. నడుం పట్టేసి అట్లా వెనక్కి ఒరిగాను. బల్ల అడుగున నీలం రంగులో ఏవో అక్షరాలు. సగం చెరిగిపోయినై. కూడబలుక్కున్నాను. వీ. ర. దు. ర్గ.

నాకెంత సంబరమైందో చెప్పలేను. పెళ్ళాం పేరు ఎవరికీ కనపడకుండా బల్ల అడుగున రాసుకున్నాడు నా కొడుకు అనుకున్నాను. ఆదివారాలన్నీ దీనికోసమా నాయనా అనుకున్నాను. వంటింట్లోకి కేకేశాను, అమ్మాయ్, ఇటురా, నీ పేరు రాశాడు నీ మొగుడు అని.

గరిటె పట్టుకునే వచ్చింది, నవ్వుతూ. వంగింది. తర్వాత బల్ల కిందకి పోయి వెల్లకిలా పడుకుంది. పైకి చెయ్యి చాపి ఆ అక్షరాలని ఒక్కోటే తడిమింది. నేను బయటికి రమ్మంటున్నాను, రాలేదు. పొయ్యి మీద కూర మాడింది, రాలేదు.

వాళ్ళ నాన్న చేతిరాత వదినా. ఏటా వేటకి పోయే ముందు కూతురి పేరు కొత్త రంగుతో దిద్దేవాడంటగా అన్నయ్య. నాకేం తెలుసు. కొండలు పడవంతా చిత్రిక పట్టగలిగాడు, ఆ ఒక్క పలక మీద పేరుని మాత్రం పట్టలేకపోయాడు. కింద దాచాడు. నేను చదివి చచ్చాను.

వాడు ఆఫీసు నుంచి వచ్చేదాకా నీ కూతురు ఆ బల్ల కిందే ఉంది. వచ్చాక అడిగింది. "పోటుకి పోయిందని మా అమ్మ ఏడుస్తుంటే, నువ్వు ఎత్తుకొచ్చావా?" అవును, నేనే తెచ్చాను అన్నాడు. ఎవరినడిగి తెచ్చావు అంది. ఎవర్నీ అడగలేదు అన్నాడు.

బల్లని షెడ్డులోకి తోసి తాళం వేశాడు. ఇప్పుడు ఆదివారం వస్తే మా ఇంట్లో చప్పుడే లేదు. ఆ మోత ఎప్పుడు ఆగుద్దా అనుకున్న పక్కింటోళ్ళే, ఏంటి పిన్నీ, అబ్బాయికి బాగాలేదా అని అడుగుతున్నారు. వాడు పొద్దున్నే లేచి గుమ్మంలో కూర్చుంటాడు. పిలిస్తే పలుకుతాడు. అన్నం పెడితే కలుపుతాడు, తినడు.

నేను వదల్లేదు. దొంగతనం చేసే పుటక కాదు నీది, చెప్పరా అని గెడ్డం పట్టుకున్నాను. అమ్మా, అది నా నోటి నుంచి రాదు అన్నాడు. చెప్పింది వాడు కాదు వదినా, వాడి మీద కోపం పెట్టుకోకు. చెక్కలు మోసుకొచ్చిన ట్రాలీ ఆటో జీవానందం చెప్పాడు. నా చేతి కూడు తిని పెరిగినోడు, చేపల బజారులో ఎదురుపడితే అడిగాను. మీ వదిన సుబ్బాయమ్మ గారే దగ్గరుండి పడవ విప్పించారు పిన్నీ అన్నాడు. ఒక్కో చెక్కకీ పసుపు రాసి, ఒక్కో చెక్కనీ తాకి, కళ్ళనీళ్ళు పెట్టుకోకుండా ఆటో ఎక్కించారంట. పిల్లకి తెలియకూడదని అల్లుడి చేత ఒట్టు వేయించుకున్నారంట.

అందుకొచ్చాను. నీ కాళ్ళు పట్టుకోవడానికే వచ్చాను. నువ్వే ఇచ్చావని ఒక్క ముక్క చెప్పు నీ కూతురికి. తలుపు తియ్యగానే రోజూ అదే కనపడుతుంటే చూడలేకపోయానని చెప్పు. అందులో తప్పేముంది? ఎవరు మాత్రం చూడగలరు?

తల అడ్డంగా ఊపుతావేంటి. నా కొడుకు కాపురం వదినా అది. నీ కూతురిది కూడా.

ఏదీ, ఆ నీళ్ళన్నా ఇటివ్వు. గొంతు ఎండిపోయింది.

ఆగు. చెయ్యి దాచుకోకు. ఇటు చూపించు.

గాజులేవి?

పోయినసారి మేమొచ్చినప్పుడు చేతుల నిండా ఉన్నాయి గదే. ఎర్రవి. వీరదుర్గ వాటిని చూసి, మా అమ్మకి ఇంకా నమ్మకం ఉంది అత్తా, నాన్న వస్తాడు అంది నాతో. ఎక్కడెక్కడికో కొట్టుకుపోయి పరాయి దేశం జైళ్ళలో పడ్డవాళ్ళు ఏళ్ళ తర్వాత రాలేదా, మా నాన్న మాత్రం ఎందుకు రాడు అంది. మేనత్త కూడా ఆ మాటే పట్టుకు కూర్చుంది.

అంటే కూతురు వచ్చినప్పుడు తొడుక్కుంటున్నావా? వెళ్ళగానే తీసేస్తున్నావా?

చెక్కలు ఎక్కించిన రోజు తీశావు గదూ.

అయ్యో వదినా. ఒక్కదానివే తీసుకున్నావా. తల మీద నీళ్ళు పొయ్యడానికి కూడా పక్కన ఒక ఆడమనిషి లేకుండా.

నాకిప్పుడు అర్థమైంది. పడవ నేనే ఇచ్చానని చెప్పడం కాదు అది. మీ నాన్న ఇంక రాడమ్మా అని చెప్పడం. ఆ మాట కన్నతల్లి నోటి నుంచి వింటే ఆ పిల్ల నీ ఎదట మళ్ళీ కూర్చోదు. నాన్నని నువ్వే చంపేశావంటుంది. నీకు ఉన్నది ఆ ఒక్క పిల్ల.

ఏడవ్వాకు. ఏడిస్తే నేనూ ఏడుస్తాను, ఇక్కడ నా పంటు పోద్ది.

సరే విను. నేను గుడివాడ వెళ్తాను. ఆదివారం దాకా ఎందుకు, రేపే వెళ్తాను. పోటుకి కొట్టుకుపోయిన పడవ పక్క రేవులో తేలింది, నా కంట పడింది, మంచి చెక్క పోతుందని నేనే తెప్పించాను అని చెబుతాను. వాడు వద్దు వద్దన్నాడు, నేనే తిండి మానేసి సాధించాను, నీకు చెబితే నా శవాన్ని చూస్తావని ఒట్టు వేయించుకున్నాను అంటాను. ఆ పలక మీద నీ పేరుందని మాత్రం నాకు తెలియదు అంటాను. జీవానందం నా మాట దాటడు. వాడు, మా కొండలు, ఎలాగూ నోరు తెరవడు. నువ్వు తెరవక్కర్లేదు.

నమ్ముద్దా అంటే, ఎందుకు నమ్మదు? అత్త మీద చెడ్డమాట నమ్మడానికి కోడలికి సాక్ష్యం కావాలా?

ఆ ముసల్ది ఇంట్లో ఉంటే నేను గడప తొక్కనంటుంది. అననీ. చిలకలపూడిలో మా చెల్లెలికి వెనకాల వంటగది ఖాళీగా ఉంది. లాస్యని నా దగ్గరికి పంపదు కొన్నాళ్ళు. కొన్నాళ్ళేంటి, అసలే పంపదేమో. అదొక్కటే... సరేలే.

అట్లా చూడకు వదినా. నేనేదో త్యాగం చేస్తున్నాననుకోకు. అమ్మని అసహ్యించుకుంటే ఆడపిల్లకి పోవడానికి చోటుండదు. మొగుణ్ణి అసహ్యించుకుంటే ఉండటానికి చోటుండదు. అత్తనంటావా, ఊరందరూ అసహ్యించుకునేదే. ఇంకో కోడలు ఇంకో అత్తని తిట్టుకుంటే కొంపలేం మునగవు.

లే, పంటు దాకా తోడురా. ఈ ఇసకలో నాకు ఒక్కదానికి నడక సాగదు.