తలుపు మీద సుద్దరాత

ఇదివరకు నేనెప్పుడూ ఏమీ రాయలేదు. చదువు ఐదో తరగతితోనే ఆగిపోయింది. ఆపరేషన్లో ఒక రొమ్ము తీసేశారు. జబ్బు పూర్తిగా పోయిందని డాక్టరు చెప్పినా నేను గడప దాటలేదు. కుట్టుపనికి రమ్మని షాపు నుంచి కబురు మీద కబురు. అప్పుడు మా మేనత్త వచ్చి, మంచం పక్కన కూర్చుని, పోయిన మామయ్య గురించి చెప్పిన మాటలివి.

"ఏమే, గోడకేసి తిరిగి పడుకుంటే ఆ గోడేమైనా కబుర్లు చెబుతుందా? ఇటు తిరుగు. మీ మామయ్యది పింగాణీ సామాన్ల గోడౌన్లో పని కదా. జేబు నిండా సుద్దముక్కలే, ఆ చొక్కాలు ఉతకలేక చచ్చేదాన్ని. వచ్చిన ప్రతి పెట్టె చూసి మూత మీద ఇంగ్లీషులో ఒక మాట రాయాలి. మనకైతే అన్నీ 'మొత్తం' లాగానే వినిపిస్తాయి, ఆయనకు మాత్రం దేని దారి దానిదే. సీలు విప్పని పెట్టె ఇంటాక్టట. విప్పి చూస్తే ఒక్క బీట కూడా లేని పళ్ళెం హోలట. పంపినవన్నీ దిగితే సరుకు ఎంటైరట. ఇక కంప్లీటంటే, సెట్టులో ఉండాల్సినవన్నీ ఉన్నాయని, ఒక కప్పుకి పిడి విరిగినా టీ పోసుకుని తాగొచ్చని. అన్నం తింటూ ఇదే గోల. నాకెందుకయ్యా ఈ పురాణం, ఇంకాస్త వడ్డించనా అనేదాన్ని.

ఏం చెప్తున్నానూ... ఆఁ, నాకు గర్భసంచి తీసేసినప్పుడు. నువ్వప్పుడు చంకలో పిల్లవిలే. నేనూ ఇలాగే గోడకేసి. వచ్చినవాళ్ళంతా గుమ్మంలోనే ముక్కు చీదడం. మా అత్తగారైతే, 'ఇంకేముంది, డొల్లయిపోయింది' అని నాకు వినబడేలాగే అనేది. మీ మామయ్యేమో గోడౌన్ నుంచి వచ్చినవాడు వచ్చినట్టే సుద్ద తీసి, నా గది తలుపు మీద ఇంత లావు అక్షరాలు రాశాడు. ఇంట్లో ఎవరికొచ్చు ఇంగ్లీషు? మా అత్తగారు అది ఆసుపత్రివాళ్ళు పెట్టించిన గుర్తనుకుంది, అంటుకునే జబ్బేమోనని. పరామర్శకి వచ్చినవాళ్ళని వీధిలోంచే సాగనంపేసింది. ఏంటీ, నవ్వుతున్నావా? నవ్వు, నవ్వు. ఎన్నాళ్ళకో హాయిగా నిద్రపోయానే తల్లీ. తర్వాత అడిగితే అన్నాడు, 'హోలని రాస్తే అబద్ధం, కోత పడిందిగా. నిన్ను చూసే రాశాను, కంప్లీట్.' నవ్వితే కుట్లు లాగాయి నాకు. లేచి వంటింట్లోకి నడిచాను, మా అత్తగారు గరిటె పట్టుకుని వెనక్కి వెనక్కి... ఆ తలుపుకి మళ్ళీ రంగు వేయించేదాకా ఆ రాత నేను తుడవనివ్వలేదు. ఆయన పోయాక..."

అత్త ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. "ఆ కిటికీ వెయ్యవే, జల్లు కొడుతోంది" అంది.

మర్నాడు పొద్దున్నే నా జాకెట్టుకి ఒక పక్క కుట్లు విప్పి, ఇప్పటి కొలతకి తగ్గించి కుట్టుకున్నాను. అది తొడుక్కుని షాపుకి వెళ్ళాను.