రెండో కంటికి మందు

టీ కొట్టు బెంచీ మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు లిఫ్టాయన. దేశంలో ఏ మందు సర్కారు ఖర్చుతో ఇవ్వాలో, ఏది ఇవ్వకూడదో తేల్చే ఆఫీసులో లిఫ్టు నడిపే ఉద్యోగం అతనిది. పక్కన అతని బావ దర్జీ, ఎదురుగా మంగలి.

"మొన్నేదో చిన్న సాయం చేశాలే. చూపు తగ్గేవాళ్ళకి కంట్లో పొడిచే సూది మందుంది చూడు, ఖరీదెక్కువని కమిటీ పెద్దలు ఓ రూలు పెట్టబోయారు. ఒక కన్ను పూర్తిగా పోయాకే రెండో కంటికి మందట. లిఫ్టులో అనుకుంటుంటే నా చెవిన పడింది. నేనూరుకుంటానా? 'అయ్యా, మీ చెప్పులు రెండూ తెగబోతున్నాయనుకోండి, ఒకటి ఊడి పడ్డాకే రెండోదానికి కుట్టేయిస్తారా?' అన్నా."

"వాళ్ళేమన్నారు?" అన్నాడు మంగలి.

"ఏమంటారు? ఛైర్మన్ గారు నా భుజం తట్టి, 'ఇంత చదువు చదివాం, ఈ ముక్క తట్టలేదయ్యా' అన్నారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రెండంతస్తుల మధ్య లిఫ్టు ఆపేశా. తేల్చందే తలుపు తీయనన్నా. మీటింగు అక్కడే పెట్టారు. డాక్టరమ్మ మందు ఖరీదు చదువుతుంటే నేను నోటి లెక్కతోనే సగానికి దించేశా. అది విని మందు కంపెనీ యజమాని విమానమేసుకొచ్చి లిఫ్టు కప్పు మీద దిగాడు..."

"లిఫ్టు మీద విమానమా?"

"చిన్న విమానంలే, అడ్డు రాకు. కప్పు సందులోంచి చెయ్యి పెట్టి నా గడ్డం పట్టుకుని బతిమాలాడు. ఇంతలో మంత్రిగారి ఫోను. 'ఇక నుంచి గుండెకీ, కిడ్నీకీ కూడా ఆయన్నే అడగండి' అని. పక్క దేశాలవాళ్ళు మా లిఫ్టు ముందు క్యూ కట్టారంటే నమ్ము. మొత్తానికి రెండు కళ్ళకీ మందు ఇప్పించేశా."

దర్జీ గ్లాసు కింద పెట్టాడు. "పొద్దున కళ్ళాసుపత్రికి వెళ్ళొచ్చానురా. ఒక కన్ను పూర్తిగా పోయాక రమ్మన్నారు."

లిఫ్టాయన కాలు కిందికి దించాడు. "అక్కకి తెలుసా?"

"సూదిలో దారం ఎక్కించమని రోజూ దాన్నే పిలుస్తున్నా, తెలియకుండా ఉంటుందా. రేపు నన్ను నీ లిఫ్టులో పైకి తీసుకెళ్ళు. నేనే అడుగుతా."

"లిఫ్టు పాడై చాలా రోజులైంది బావా," అన్నాడు లిఫ్టాయన నేల చూపులు చూస్తూ. "నన్ను గేటు దగ్గర కూర్చోబెట్టారు."

"ఎన్నో అంతస్తురా?"

"ఏడు."

"మెట్లెక్కి పోదాం పద," అన్నాడు దర్జీ. "మెట్లు ఇంకా కనిపిస్తున్నాయి."