మ్యాపుల గదిలో అయిదు నిమిషాలు

బడిలో మధ్యాహ్నం మొదటి పీరియడు. మ్యాపుల గదికి లోపల గడియ వేసి ఉంది. బయట లెక్కల టీచరు.

“సైన్సు మాస్టారూ, డస్టరు తగిలించకుండా లోపలికెళ్తే ఎలాగండీ? అయిదు నిమిషాలూ ఎప్పుడో అయిపోయాయి. నా వంతు.”

లోపల్నుంచి ముక్కు చీదిన చప్పుడు.

“ముక్కు చీదడం వినబడుతోంది లెండి. ఏడుపుకీ ఓ లెక్కుండాలి.”

“నేను... నేను సైన్సు మాస్టార్ని కాదు.”

“అమ్మో! హెడ్ మేడం! మీరా?”

“ఏడవట్లేదు. స్టాకు చూస్తున్నాను.”

“చూడండి, చూడండి. నాలుగు మ్యాపులు, ఒక గ్లోబు. నిదానంగా లెక్కపెట్టండి.”

“వంతు అంటున్నారేంటి? ఇక్కడ వంతులేంటి?”

“మీరొచ్చి నెల్లాళ్ళేగా, ఎవరూ చెప్పలేదన్నమాట. ఈ స్కూల్లో ఏ టీచరుకి ఏడుపొచ్చినా ఈ గదే, మనిషికి అయిదు నిమిషాలు. తలుపుకి డస్టరు తగిలిస్తే లోపల మనిషున్నట్టు. ఎందుకని ఎవరూ అడగరు. కాకపోతే బయటికొచ్చేవాళ్ళు తర్వాతి వాళ్ళని ఒక్కసారి నవ్వించి పోవాలి. ఇరవై రెండేళ్ళుగా ఇదే పద్ధతి.”

“ఈ పిచ్చి పద్ధతి ఎవరు పెట్టారు?”

“నేనే.”

“హెడ్డు ఏడవకూడదు టీచర్ గారూ. నవ్వకూడదు కూడా. పట్టు పోతుంది.”

“ఎవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు. నేనే అనుకున్నాను.”

“సరే, నన్ను నవ్వించండి మరి.”

“నవ్వా! రాజీనామా రాసేశాను. ఇదిగో, తలుపు కిందనించి తోస్తున్నా. ఆఫీసులో ఇచ్చేయండి.”

“దేనికి?”

“ఎందుకని అడగరన్నారుగా!”

“అది ఏడుపుకి. రాజీనామాకి అడుగుతాం.”

“నిన్న ఆరో తరగతి వ్యాసాలు దిద్దాను. కట్టలో ఓ కాగితం... అబ్బ, చెప్పలేను.”

“చెప్పండి మేడం.”

“ఒక పిల్ల తండ్రి నా మీద రాసిన ఫిర్యాదు అది. ఎలా కలిసిందో ఆ కట్టలో కలిసింది. అరవై కాగితాలు దిద్దేసరికి నా కళ్ళకి తప్పులు తప్ప ఏమీ కనబళ్ళేదు. ఎర్ర పెన్నుతో దిద్దేశాను.”

“ఫిర్యాదునా!”

“పదికి నాలుగేశాను.”

“ఓరి నాయనో!”

“కింద రాశాను కూడా. ‘భావం బాగుంది, దస్తూరీ ఘోరం. మళ్ళీ రాసుకురా.’ పైన పిల్ల పేరుందిగా, ఆ పిల్ల చేతికే ఇచ్చి పంపాను.”

“రాసుకురా అనే?”

“రాసుకురా అనే! ఇందాక ఆయన ఫోను చేసి అంతా చదివి వినిపించారు. కొత్త హెడ్ మేడం ఎప్పుడూ నవ్వరట. మా అమ్మాయికి బడికి రావాలంటే భయంగా ఉందని రాశారు. నన్ను చూసి పిల్ల భయపడుతోందంటే ఇక నేనెందుకు టీచర్ గారూ? ఆయన ఇప్పుడే వస్తానన్నారు.”

“కూర్చోండి, కూర్చోండి.”

“ఎవర్ని?”

“మిమ్మల్నే. నిలబడి ఏడిస్తే కాళ్ళు లాగుతాయి. ఇంతకీ పదికి... నాలుగా?”

“నవ్వకండి.”

“నవ్వట్లేదు... ఆగండి... నేల మీద కూలబడ్డాను... ఫిర్యాదుకి నాలుగు మార్కులు!”

“దస్తూరీ నిజంగానే కోడి కెలికినట్టుంది మరి!”

“అయితే నాలుగు ఎక్కువే!”

“అందులో ఒకటి జాలిపడి వేసిందే! అయ్యో, నాకూ నవ్వొస్తోంది... ఆగట్లేదు... కడుపు పట్టేసింది టీచర్ గారూ!”

“గట్టిగా నవ్వండి. గోడలేం పడిపోవు. నేను ఏడుద్దామని వచ్చాను, నా ఏడుపంతా ఎటుపోయిందో!”

“అబ్బ... చాలు... ఆయన వచ్చేశారేమో!”

“వచ్చారు. బెంచీ మీద కూర్చోబెట్టాను.”

“ఏ బెంచీ?”

“ఉందిలెండి ఓ బెంచీ. మీ రాజీనామా దిద్దాను మేడం. పదికి సున్నా. మళ్ళీ రాయక్కర్లేదు.”

“మీరూ ఎర్ర పెన్నేనా! ఆయన కోపంగా ఉన్నారా?”

“తలుపు తీసి మీరే చూసుకోండి.”

“ఆఫీసు దాకా నడవాలిగా, మొహం తుడుచుకోనివ్వండి.”

“అంత దూరమేం లేదు.”

“అంటే? టీచర్ గారూ... ఏ బెంచీ?”

“ఈ తలుపు పక్క బెంచీయేనండి మేడం, నమస్కారం. మళ్ళీ రాసుకొచ్చాను. ‘ఎప్పుడూ నవ్వరు’ అన్న వాక్యం మాత్రం ఇప్పుడే కొట్టేశాను. చూసి ఈసారి ఎన్ని మార్కులో చెప్పండి.”