పెదవి చివరి నవ్వు

ఏళ్ల తరబడి సినిమా రాక్షసులకు గొంతు అరువిచ్చిన బావ, డబ్బింగ్ గదిలో మైకు ముందు తంటాలు పడుతున్నాడు. తెర మీద సూపర్ హీరోని బురిడీ కొట్టించిన మాయలమారి విలన్ నవ్వాలి. ఆ నవ్వే కుదరడం లేదు. సౌండు చూసే బావమరిది మైకు సరిచేయడానికి లోపలికొచ్చాడు.

“అలా గర్జిస్తే ఎలా బావా? వీడు కొండలు పిండి చేసేవాడు కాదు, టోపీ పెట్టేవాడు.”

“విలనన్నాక నవ్వితే గోడలదరాలి కదరా!”

“గోడలెందుకు, హీరోకి ఒళ్లు మండితే చాలు. ఈసారీ కుదరకపోతే పాత్ర ఇంకొకరికి ఇచ్చేస్తారట.”

బావ హెడ్‌ఫోన్లు తీసి తలుపు వైపు చూశాడు.

“సరేగానీ, మీ అక్క బయట కూర్చుంది. నువ్వు మళ్లీ సిగరెట్లు మొదలెట్టావని నోరు జారాను.”

“అమ్మ బాబోయ్! కొంప ముంచావు కదా! ఎటు పారిపోను?”

“కిటికీ ఉందిగా.”

“అది తెరుచుకోదు బావా!”

బావకి నవ్వాగలేదు. అది పెదవి చివర పుట్టి, ముక్కులోంచి సన్నగా జారింది.

“అక్క... రాలేదా?”

“ఇంట్లో హాయిగా టీవీ చూస్తోంది.”

“నీ దుంపతెగ! అదే బావా, అదే నవ్వు! మైకు ఆన్‌లోనే ఉంది, మొత్తం పడింది.”

“మరి నీ అరుపు?”

“అదీ పడింది.”

“చెరపకు. హీరో గొంతు కూడా కుదిరిపోయింది.”