క్లారినెట్ సాల్‌తో వరస కలిసింది

"అంకుల్, ఆంటీ పాడే హారతి పాటకి యూదుల పెళ్ళిలో డాన్స్ చేశారటగా?" అనా? ఎవరు చెప్పారమ్మా, మీ నాన్నా? వాడికి సగమే తెలుసు. కూర్చో. పెళ్ళికూతురివి, కాఫీ చల్లారనివ్వకు.

అప్పటికి మేం అమెరికాలో ఈ అల్ఫారెట్టా ఊరికి వచ్చి మూడేళ్ళు. రెండువేల ఏడు... కాదు, ఎనిమిది. పక్కింట్లో సాల్ అని రిటైరైన ఫార్మసిస్టు, యూదుడు, నా ఈడువాడే. పొద్దస్తమానం క్లారినెట్ ఊదేవాడు. క్లారినెట్ అంటే, నేను వాల్తేరులో ఎమ్మెస్సీ చదివేటప్పుడు హాస్టల్ వెనక బ్యాండుమేళం వాళ్ళు... సరే, అది వేరే కథ. మీ ఆంటీ డెక్ మీద కరివేపాకు మొక్కకి నీళ్ళు పోస్తూ వాళ్ళమ్మ నేర్పిన హారతి పాట పాడుకునేది. రెండిళ్ళకీ మధ్య ఒక చెక్క ఫెన్సు, అంతే.

ఒకరోజు సాల్ ఇంట్లోంచి ఆ వరసే వినపడింది! మాటల్లేవు, "యా బబ్బం, యా బబ్బం" అంటున్నాడు. మన హారతి నిదానంగా నడుస్తుంది కదా, ఈయన దాన్ని పరిగెత్తిస్తున్నాడు. మీ ఆంటీ చెంబు అక్కడే పెట్టేసింది. "మా అమ్మ నాకు నగలిచ్చిందా, పొలమిచ్చిందా? ఈ వరస ఒక్కటే ఇచ్చింది. అదీ ఎత్తుకుపోయాడు. వెళ్ళి అడగండి!"

అడిగాను. "ఇది మా నిగ్గున్, మాటల్లేని పాట. మా తాత రుమేనియా నుంచి తెచ్చాడు" అన్నాడు. వచ్చి మీ ఆంటీకి చెబితే, "ఆ నిగ్గేదో తేలేదాకా ఆయనకి మనింటి గోంగూర పప్పు బంద్" అంది. సాల్‌కి ఆ పప్పంటే ప్రాణం. మర్నాడే ఫెన్సు దగ్గరికొచ్చాడు.

"మావాళ్ళు ఏ దేశంలో ఉంటే అక్కడి పాట పట్టేవాళ్ళు. గొర్రెలకాపరుల పాట, టర్కీవాళ్ళ పాట, జిప్సీల ఫిడేలు, చివరికి సిపాయిల కవాతు కూడా. మాటలు తీసేసి దేవుడి ముందు పాడితే ఇక మాదే" అన్నాడు.

"మరి అల్ఫారెట్టాలో ఉంటూ ఎవరిది పట్టావయ్యా?"

ఆయన కరివేపాకు మొక్క వైపు చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. "ఓయ్" అన్నాడు, అంటే వాళ్ళ భాషలో అయ్యో అనిట. పిలుస్తున్నాడేమోనని నేను "ఏమోయ్" అన్నాను.

వచ్చే ఆదివారం మనవరాలి పెళ్ళట. ఆ వరసని తాత పాట అని కార్డులో అచ్చేయించి, బ్యాండు వాళ్ళకి నేర్పేశాడట. "మైకులో నిజం చెప్పేస్తా" అని మాటిచ్చాడు. "చెప్పాకే పప్పు" అంది మీ ఆంటీ.

పెళ్ళిలో ఆ వరస ఎత్తుకోగానే అందరూ చేతులు పట్టుకుని గుండ్రంగా తిరిగారు. సాల్ మైకు అందుకున్నాడు. సరిగ్గా అప్పుడే చక్రాల కుర్చీలో ఉన్న వాళ్ళక్క, ఎనభై ఏళ్ళావిడ, "నాన్న పాట! నాన్న పాడేవాడు!" అని బావురుమంది. సాల్ మా వైపు చూశాడు. మీ ఆంటీ వద్దన్నట్టు తలూపింది. మన తలూపుడు ఆయనకి అర్థమై చస్తేనా! చెప్పమందనుకుని నోరు తెరిచాడు. ఈవిడ కుచ్చిళ్ళు ఎత్తిపట్టి పరిగెత్తి మైకు లాక్కుంది. లాక్కున్నాక ఏం చెయ్యాలి? "యా బబ్బం" అని పాడేసింది! ఏం చప్పట్లనుకున్నావు!

ఆ అక్క, కేకు కోసేటప్పుడు డీజే వేసిన పాటకి కూడా నాన్న పాటేనని ఏడ్చిందనుకో, అది వేరు.

కార్లో అడిగాను, "ఏమే, మీ అమ్మ పాటన్నావు?" అని. "అమ్మ మాత్రం కట్టిందా? తెనాలిలో నాటకాల హార్మోనిస్టు వాయిస్తుంటే పట్టేసింది. ఆయన ఏ పార్సీ నాటకాల వాళ్ళ దగ్గర పట్టాడో!" ఆ దెబ్బకి నేను ఎగ్జిట్ మిస్సయ్యాను. నలభై ఏళ్ళ కాపురంలో ఈ ముక్క ఒక్కసారైనా చెప్పిందా?

అప్పట్నుంచీ సాల్ ఆవిడకి అన్నయ్య వరస. నీ పెళ్ళి హారతికి తనే వాయిస్తానంటున్నాడు. ఆ పరుగుకి పళ్ళెంలో కర్పూరం ఆరిపోకుండా చూసుకో. నూరేళ్ళు చల్లగా ఉండు తల్లీ. ఇదెక్కడి పాటని మీ అత్తవారు అడిగితే, మా సాల్ మావయ్యదని చెప్పు... తాగు, తాగు, చల్లారిపోయింది చూడు.