పాతది తెస్తేనే కొత్తది

ఆ కుర్చీలో వద్దమ్మాయ్, ఇలా వచ్చి మంచం మీద కూర్చో. విరిగిందేం కాదులే, గట్టిదే. మీ తాత కూర్చునే కుర్చీ అది. ఆయన పోయి పదహారేళ్ళయినా అందులో ఇంకొకరు కూర్చుంటే నాకు ఒళ్ళు మండుతుంది, ఎందుకని మాత్రం అడక్కు. ఇంతకీ ఏమన్నావ్, కాస్త గట్టిగా చెప్పు, ఈ చెవి పనిచెయ్యదు. మీ తాత కయాక్ బయటికి తీశావా? షెడ్డులో తిరగేసి పెట్టిన ఆ ఎర్ర పడవేనా? ఇంకా ఉందా అది, ఎలకలు కొట్టెయ్యలేదూ? ఓహో, అంతా బాగుందా, చుక్కాని బ్రాకెట్ ఒక్కటే లేదా. షాపులన్నీ తిరిగావా. దొరకదమ్మా. ఆ మోడల్ ఆపేసి ముప్పై ఏళ్ళు కావస్తోంది, ఎవడు పెట్టుకుంటాడు? మీ తాత పదకొండేళ్ళు తిరిగాడు దానికోసం. చెప్పులరిగేలా తిరిగాడు. నువ్వు చిన్నపిల్లవి, ఆయన పోయేనాటికి నీకు ఎనిమిదేళ్ళుంటాయేమో, నీకేం గుర్తుంటుంది.

మీ తాత చెయ్యి సంగతి తెలుసు కదా? ఫర్నిచర్ ఫ్యాక్టరీలో మేస్త్రి ఆయన. టేకు పలకల దొంతర జారి ఎడమ భుజం మీద పడింది. అతికించారు, కట్లు కట్టారు, ఏం చేసినా ఆ చెయ్యి గుండె దాకానే లేచేది, అంతకు పైకి పోయేది కాదు. అంతటి పనివాణ్ణి తీసుకెళ్ళి పాలిష్ గదిలో కూర్చోబెట్టారు. తను చెక్కిన బీరువాలు చూసి నేర్చుకున్నవాళ్ళే, కొత్త బీరువాలు తెచ్చి ఆయన ముందు పడేసి, రుద్దమనేవాళ్ళు. ఒంటిచెయ్యి మేస్త్రి అని పేరు కూడా పెట్టారు. ఆయన పొద్దున్నే ఆరింటికి చెరువు మీదికి పోయేవాడు, ఎనిమిదింటికి డ్యూటీ. ఆ రెండు గంటలే ఆయన బతికింది, మిగతాదంతా ఊరికే ఊపిరి తియ్యడం. ఇది నేనంటున్న మాట కాదు, మా అక్క, అదే మీ నానమ్మ, అన్నది. నీళ్ళ మీద చూస్తే ఆయనకి చెయ్యి బాగాలేదని ఎవడూ అనుకోడు. ఎందుకంటే అందులో కాళ్ళ దగ్గర రెండు పెడల్స్ ఉంటాయి, వాటి నుంచి తీగలు వెనక చుక్కానికి పోతాయి. చేతిలో బలం తక్కువైనవాడు తెడ్డేస్తే పడవ బలం తక్కువున్న వైపుకే తిరిగిపోతుంది, గానుగెద్దులా అక్కడక్కడే తిరగాలి. ఆ తిరుగుడు కాలితో సరిచేసుకునేవాడు. ఇప్పుడు నువ్వడిగే బ్రాకెట్ ఉందే, ఆ చుక్కానిని పట్టుకునుండేది అదే. అరచేతిలో పట్టే నల్ల నైలాన్ ముక్క. దానికి రెండు చెవులు, ఒక చెవిలో ఏటవాలుగా ఒక గాడి. ఆ ముక్క లేకపోతే మీ తాతకి పడవ లేదు, అంతే.

నేనప్పుడు ఆ చెరువు గట్టు మీదే బోట్ క్లబ్బులో స్టోర్స్ చూసేవాణ్ణి. ముప్పై నాలుగేళ్ళు చేశానమ్మా, ఒక్క మేకు లెక్క తప్పలేదు. గోడ పొడవునా సొరుగులు, ప్రతి సొరుగుకీ నంబరు. కళ్ళు మూసుకుని చెయ్యి పెడితే కావలసింది చేతికి తగిలేది. ఇప్పుడేమో కళ్ళజోడు ఎక్కడ పెట్టానో తెలీదు... ఆ, నెత్తి మీదే ఉందిలే. క్లబ్బులో ఒక రూలుండేది. విరిగిన ముక్క తెచ్చి కౌంటర్ మీద పెడితేనే కొత్త ముక్క ఇవ్వాలి. లేకపోతే బాగున్న వాటికి కూడా పట్టుకుపోయి దాచుకుంటారని. నేను పెట్టింది కాదు ఆ రూలు, కానీ నాకంటే గట్టిగా దాన్ని ఎవరూ పట్టుకోలేదు. మీ తాత నన్ను స్టోరు అనేవాడు. "ఏరా స్టోరూ" అనే పిలుపు. నలుగురిలోనూ అదే. ఆయన్ని చూసి అందరూ మొదలెట్టారు, చివరికి మీ నాన్న కూడా స్టోరు మామయ్యా అనేవాడు. సొంత బావమరిదిని పేరు పెట్టి పిలిస్తే ఆయన నోరేమన్నా అరిగిపోతుందా? మా అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. ఆ అక్కని చేసుకున్నాడు కదా అని నేను ఆయన్ని నెత్తిన పెట్టుకున్నాను. ఆయనకి నేను సొరుగుల మనిషిని. సరే, వదిలెయ్.

ఆ బ్రాకెట్ విరిగిన రోజు నాకు బాగా గుర్తు. పాత పంపుహౌస్ దిమ్మెకి పడవ వెనకభాగం తగిలింది. చుక్కాని తీగలకి వేలాడింది కానీ బ్రాకెట్ మాత్రం ఊడి నీళ్ళలో పడిపోయింది. ఒక్క చేత్తో ఎలా ఒడ్డుకొచ్చాడో, చొక్కా తడిసి ముద్దయిపోయి కౌంటర్ దగ్గరికొచ్చాడు. ఆదివారం, ఆయన వెనక ఏడెనిమిది మంది మెంబర్లు నిలబడున్నారు. "స్టోరూ, చుక్కాని బ్రాకెట్ ఒకటి పడెయ్" అన్నాడు. పడెయ్. కుక్కకి బొమిక పడేసినట్టు. వెనక ఎవడో కిసుక్కున నవ్వాడు. నేను రిజిస్టర్లోంచి తలెత్తకుండా, పాతదేది బావా అన్నాను. నీళ్ళలో పడిందన్నాడు. పాతది తెస్తేనే కొత్తది, రూలు తెలుసు కదా అన్నాను. ఆయన నా వంక చూశాడు. చొక్కా పిండుకుంటూ వెళ్ళిపోయాడు. నేనన్నదాంట్లో తప్పుందా చెప్పు? రూలే కదా. సాయంత్రం ఇంటికొచ్చి ఒక్క మాట, ఒరేయ్ బావమరిదీ, కాస్త చూడరా అనుంటే, ఆ రూలు బుక్కు చింపి పొయ్యిలో పెట్టేవాణ్ణి. అడగలేదు. వారం చూశాను, పదిహేను రోజులు చూశాను. రాలేదు.

రాలేదని ఊరుకున్నానా? ఈలోగా ఆ మోడల్ ఆగిపోయిందని కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. మిగిలిన సామాన్లు పారెయ్యమన్నారు. అన్నీ గోనెసంచిలో వేసి చెత్తబండికి ఎక్కించాను, ఒక్క బ్రాకెట్ మాత్రం తీసి జేబులో వేసుకుని ఇంటికి తెచ్చాను. ఎవరికోసం తెచ్చాను? నాకేమన్నా పడవుందా? ఆయనకోసమే. ఇదిగో ఈ గదిలోనే, ఈ బల్ల సొరుగులో పెట్టాను. వస్తాడు, అడుగుతాడు, ఇద్దాం అనుకున్నాను. బావ అడిగితే బావమరిది ఇచ్చినట్టుండాలి, అంతకుమించి నాకేం ఆశ లేదు. ఆయనేం చేశాడో తెలుసా? ఎండాకాలం దాకా ఆగాడు. చెరువు ఇంకి పంపుహౌస్ దగ్గర బురద తేలింది. రోజూ పొద్దున్నే మోకాళ్ళ లోతు బురదలో దిగి, ఆ పైకి లేవని చెయ్యి ఛాతీకి కట్టేసుకుని, రెండో చేత్తో వెతికాడు. పంతొమ్మిది రోజులు. నాకు స్టోర్ కిటికీలోంచి కనపడేది. వచ్చే పోయేవాళ్ళు ఆగి మరీ చూసేవాళ్ళు, ఒంటిచెయ్యి మేస్త్రికి పిచ్చెక్కిందని. నేను కిటికీ వేసుకుని కూర్చున్నాను.

ఇరవయ్యో రోజు వచ్చాడు. కడిగి తుడిచి, తెల్లగుడ్డలో చుట్టి తెచ్చి కౌంటర్ మీద విప్పాడు. ఒక చెవి విరిగిపోయింది, ఆ గాడి ఉన్న చెవే, మిగతా ముక్క ఉంది. ఆ రోజూ జనం ఉన్నారు, నా ఖర్మ. "పాతది తెచ్చాను. కొత్తది ఇవ్వు" అన్నాడు. స్టోరూ అని కూడా అనలేదు ఈసారి. ఏ ముక్కు మొహం తెలియని గుమస్తాతోనో మాట్లాడినట్టు మాట్లాడాడు. అదమ్మా నాకు కాలింది. పంతొమ్మిది రోజులు బురదలో పొర్లడం తేలికైంది గానీ, నా గుమ్మం తొక్కి ఒక్క మాట అడగడం బరువైపోయిందా ఈయనకి? ఆ మోడల్ ఆగిపోయింది, లేదు అని చెప్పాను. ఒక్కటి కూడానా అన్నాడు. ఒక్కటి కూడా లేదన్నాను. స్టోర్లో లేదు కదా మరి, ఇంట్లో ఉంది. అబద్ధం కాదని అప్పుడు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. గుడ్డ మళ్ళీ చుట్టుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడే ఇచ్చేద్దామనుకున్నాను. అబద్ధం ఒకసారి నలుగురిలో ఆడాక వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో నీకింకా తెలీదు. ఇదెక్కడిది అంటే ఏం చెప్పను? ఇంకో నెల పోనీ, ఎక్కడో దొరికిందని చెబుదాం అనుకున్నాను. ఆ నెల అలా పోయింది, ఏడాది పోయింది. ఆయన వెతుకులాట మొదలైంది. కంపెనీకి ఉత్తరాలు రాశాడు. పాతసామాన్ల కొట్లన్నీ గాలించాడు. చెక్కతో తనే చేసుకున్నాడు, ఎంత నునుపుగా చేశాడో, నీళ్ళకి ఉబ్బి బిగుసుకుపోయింది. సైకిల్ షాపువాడు ఇత్తడి రేకుతో చేసిచ్చాడు, అది రెండో రోజుకే వంగింది. లేత్ మిషన్ అతను మంచివాడు, "అసలు ముక్క ఒక్క గంట నా చేతిలో పెట్టండి మేస్త్రీ, మీకు పాతిక చేసిస్తాను. ఈ విరిగినదాన్ని చూసి గాడి వాలు నేనెలా చెప్పను" అన్నాడట. ఇవన్నీ నాకెలా తెలుసంటావా? ఆయనే చెప్పేవాడు. అవునమ్మా, వచ్చి చెప్పేవాడు. అంతకుముందు ఏడాదికోసారి కూడా రానివాడు, రిటైరయ్యాక నెలకోసారి వచ్చి ఆ కుర్చీలో కూర్చునేవాడు. బల్ల పక్కనే. ఆ సొరుగు ఆయన మోచేతికి తగిలేది. టీ తాగుతూ ఈ నెల ఎక్కడెక్కడ తిరిగాడో, ఎవడేమన్నాడో మొత్తం పూసగుచ్చినట్టు చెప్పేవాడు. లేచేముందు ప్రతిసారీ అదే మాట, "నీకెక్కడైనా తగిలితే చెప్పు." నేను అలాగే బావా అనేవాణ్ణి. అలాగే బావా. ఎన్నిసార్లన్నానో.

ఎంత అమాయకుడో అనుకునేవాణ్ణి. నవ్వుకున్నాను కూడా, అబద్ధమెందుకు, మొదట్లో ఒకటి రెండుసార్లు నవ్వుకున్నాను. తర్వాత నవ్వు రాలేదు. మనిషి తగ్గిపోతూ వచ్చాడు. పొద్దున్నే లేచి ఎక్కడికీ పోవాల్సిన పని లేక గడప మీద కూర్చునేవాడట. పొట్టొచ్చింది, ఆయాసమొచ్చింది. ఆ మంచి చేతిలో కూడా పట్టు తగ్గింది. మధ్యలో నాకు టైఫాయిడ్ వచ్చింది, ఆ సంగతి చెప్పానా నీకు? మీ నానమ్మ వచ్చి వారం రోజులు ఇక్కడే ఉంది. నాకు గంజి తాగించి, ఇల్లు కడిగి, బీరువా సర్ది, సొరుగులన్నీ దులిపి కొత్త కాగితాలు పరిచి వెళ్ళింది. ఎందుకు చెబుతున్నానో ఇదంతా... ఆ, అక్క అంటే అలాంటిది. వెళ్ళేటప్పుడు మాత్రం గుమ్మంలో నిలబడి నా మొహం చూసి ఏడ్చింది. జ్వరంతో చిక్కిపోయానని ఏడ్చిందనుకున్నాను.

చివరిసారి వచ్చినప్పుడు మెట్లెక్కలేక మీ నాన్న భుజం పట్టుకుని వచ్చాడు. కూర్చున్నాడు. ఆ రోజు వెతుకులాట ముచ్చట్లేం చెప్పలేదు. టీ చల్లారిపోయింది. వెళ్తూ అన్నాడు, "ఇంకేం తిరగను స్టోరూ, ఓపిక లేదు." నా చెయ్యి సొరుగు పిడి మీద ఉందమ్మా. నిజంగా ఉంది. ఇప్పుడిస్తే ఏం చేసుకుంటాడు, పడవెక్కే స్థితా అది? ఇంకా బాధపడతాడు అని ఆగిపోయాను. బాధ ఆయనకని కాదు, నాకని. ఇరవై రోజుల్లో పోయాడు.

సరే. తియ్యి. ఆ రెండో సొరుగే, గట్టిగా లాగు, వానలకి బిగుస్తుంది. వెనక మూలకి కాగితం పొట్లం ఉంటుంది చూడు. ఆ, అదే. నల్లగా ఉండేది, బూడిదరంగు తిరిగిందా. పనికొస్తుందిలే. లేకపోతే లేత్ పని చేసే అతనికి చూపించు, ఎవడో ఒకడు ఉంటాడు. తిట్టుకో, పర్లేదు. మీ నాన్నకి కూడా చెప్పుకో. ఇంక నాకు దాచేదేం లేదు.

అదేంటి, సంచిలోంచి ఏం తీస్తున్నావ్? ఆ గుడ్డ... ఇది ఎక్కడిది నీకు? పనిముట్ల పెట్టెలోనా? పాత ముక్క లేకుండా రాకూడదని తెచ్చావా? ఎవరు చెప్పారు? ఆయనా? ఎప్పుడు?

మళ్ళీ చెప్పు. ఈ చెవి వైపు చెప్పు.

"మీ స్టోరు తాత దగ్గర ఒకటుంది. నేనడిగితే సిగ్గుతో చచ్చిపోతాడు. నువ్వు పెద్దయ్యాక పాతది పట్టుకెళ్ళి అడుగు." ఇలాగే అన్నాడా? ఈ మాటలేనా? నీకు ఎనిమిదేళ్ళప్పుడా?

సొరుగులు దులిపింది కదూ అక్క. కాగితాలు పరిచింది.

అయితే ఆ కుర్చీలో కూర్చుని... నెలనెలా...

వాన పడేట్టుంది, నువ్వు బయల్దేరమ్మా. గొడుగు తెచ్చావా? కొత్తది జాగ్రత్తగా సంచిలో పెట్టుకో, నొక్కకు. ఆ పాతది ఇటివ్వు. ఇచ్చి వెళ్ళాలి కదా, రూలు. బల్ల మీద కాదు, నా చేతిలో పెట్టు. తలుపు దగ్గరగా వేసి వెళ్ళు.